కోట కూలింది సరే... కోటకు రాయి మోసినోళ్ల ఇల్లు యాడుంది?
(రేనాటి నేల, మా నేల – 11వ భాగం)



పోయిన భాగంలో కేసీ కాలువ గురించి రాశాను. దాని కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇల్లు, కోట గురించి ఎందుకు రాయవు? మన ఆళ్లగడ్డ నియోజకవర్గంలోదే కదా, నీకు ఆయనంటే పడదా?" అని. ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు కొంచెం కోపంగానే అడిగారు. మంచి ప్రశ్నే. ఈ భాగమంతా దానికి జవాబు. పెద్దదే, ఓపికగా చదవండి.

ముందే ఒక మాట. ఆ మొండిగోడల్ని కాపాడాలి అనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. పాత గోడ కూలితే సంతోషపడేవాడు చరిత్ర రాయకూడదు. కాకపోతే గోడను చూసేటప్పుడు నాకు రెండు ప్రశ్నలు వస్తాయి. ఈ ఇల్లు ఎట్లా నిలబడింది, ఎట్లా కూలింది అనేది ఒకటి. ఈ ఇంటి చుట్టూ ఉండిన మిగతా ఇండ్లు ఏమైనాయి అనేది రెండోది. మొదటిది అందరూ అడుగుతారు. రెండోది మనమే అడగాలి.

ఇల్లంటే ఉత్త ఇల్లు కాదు

పాలెగాడి ఇల్లు అంటే సినిమాలో చూపించినట్టు పెద్ద సింహద్వారం, స్తంభాల హాలు అనుకుంటారు. ఇంటి సైజు పక్కన పెట్టండి. అది చేసే పని చూడండి. విజయనగరం కాలం నుంచి రేనాట్లో పాలెగాడి ఇల్లు నాలుగు పనులు చేసింది. శిస్తు వసూలు కచేరీ అదే. కొట్లాట వస్తే తీర్పు చెప్పే చావడి అదే. ఆయుధాల కొట్టు అదే. ధాన్యం పాతర కూడా అదే. ఊరికి కావలి కాస్తాం, బదులుగా కావలి రుసుం ఇవ్వండి అనేది ఆ ఇంటి ఒప్పందం. కావలి కాసేవాడే దోపిడీ చేసిన సందర్భాలు లేకపోలేదు, అది వేరే భాగంలో చెప్పుకుందాం.

ఆ ఇల్లు నిలబడింది సున్నం మీద కాదు, మాన్యాల మీద. పాలెగాడి కింద కట్టుబడులు ఉండేవాళ్లు. కట్టుబడి అంటే జీతం బదులు కొంచెం మాన్యం భూమి అనుభవిస్తూ, పిలిస్తే ఈటె పట్టుకుని వచ్చేవాడు. వీళ్లలో బోయలున్నారు, వడ్డెలున్నారు, ఇంకా అనేక సేవక కులాల వాళ్లున్నారు. నల్లమల అంచున చెంచులతో పొత్తు ఉండేది. ఊరి వెట్టి, కబుర్లు మోయడం, గుర్రాలకు గడ్డి మోయడం మాలోళ్లది, మాదిగోళ్లది. జీను తోలుది, కత్తి ఒర తోలుది, డాలు తోలుది, బావిలోంచి నీళ్లు తోడే కపిల బాన తోలుది, సిపాయి కాలి చెప్పు తోలుది. తోలు లేకుండా కోట లేదు. ఆ తోలు ఊనినోళ్లు కోట గడప తొక్కడానికి లేదు.

రాయి సంగతి చూడండి. బనగానపల్లె, బేతంచెర్ల, కోవెలకుంట్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల భూమిలో నాపరాయి పలకలు పలకలుగా దొరుకుతుంది. ఈ రోజుకీ మన నేల మీద పరిచే బండ అదే. ఆ రాయిని పగలగొట్టడం తరతరాలుగా వడ్డెల చేతిపని. మోసింది ఎవరో చెప్పక్కర్లేదు.

ఇంటికి పని పోయిన రోజు

ఒక ఇల్లు గోడలు కూలినప్పుడు పోదు. ఇంటికి పని పోయినప్పుడే పోతుంది. గోడలు ఆ తర్వాత నిదానంగా కూలుతాయి.

1800లో నిజాం నవాబు తన బాకీల కింద, సైన్యం ఖర్చు కింద మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పట్నుంచి మన పేరు 'దత్త మండలాలు'. మనల్ని దత్తత ఇచ్చేశారన్నట్టు! ఆ పేరు పోయి 'రాయలసీమ' అనే పేరు వచ్చింది 1928లో, మన నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలోనే. చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు పెట్టారు. నంద్యాలలో పుట్టి పెరిగిన పిల్లలకు కూడా ఈ సంగతి తెలీదు.

కంపెనీ తరఫున థామస్ మన్రో వచ్చాడు. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరు. మన్రో అంటే మనవాళ్లలో ఒక మంచి పేరుంది, గుళ్లలో దండం పెట్టేవాళ్లు, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆయన వచ్చేసరికి ఈ సీమలో ఎనభై మంది దాకా పాలెగాళ్లు. వాళ్లను ఒక్కొక్కళ్లనే లొంగదీసి, ఆయుధాలు తీసేసి, శిస్తు వసూలు హక్కు తీసేసి, చేతిలో పింఛను పెట్టాడు. రైతుకూ సర్కారుకూ మధ్య ఎవరూ ఉండకూడదు అనేది ఆయన లెక్క. దాన్నే రైత్వారీ అన్నారు.

ఇక్కడ మనం ఆగి చూడాలి. రైతు అంటే ఎవరు? పట్టాలో పేరున్నవాడు. మాలపల్లెలో, మాదిగపల్లెలో ఉన్నవాడు ఆ రైతు పొలంలో జీతగాడు. పాలెగాడు పోయినా అతని యజమాని పోలేదు. పాలెగాడి వెట్టి పోయి, రెడ్డి వెట్టి, కరణం వెట్టి, సర్కారు వెట్టి మిగిలాయి. కలెక్టరు క్యాంపు వస్తే గుడారాలు మోసేది అదే భుజం.

ఆ కాలంలోనే కాలిన్ మెకంజీ అనే దొర సర్వే చేయించాడు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల కింది మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు రాసుకున్నారు. ఊరి పుట్టుక, గుడి ఎవరు కట్టించారు, కోట ఎవరు కట్టించారు, మాన్యాలు ఎవరివి అని. చెప్పింది కరణాలు, వాళ్ల దగ్గరున్న దండకవిలెలు చూసి. అవి గొప్ప పత్రాలు, కాదనను, నేనూ వాటి మీద ఆధారపడతాను. అయితే ఆ కైఫీయతుల్లో కోట కట్టించిన దొర పేరు ఉంటుంది. కట్టినోడి పేరు ఉండదు. చెరువు తవ్వించిన రాజు పేరు ఉంటుంది. తవ్వినోడి పేరు ఉండదు. 'కట్టించెను', 'తవ్వించెను' అంటాం చూడండి... ఆ 'ఇంచు' అనే ముక్కలో మన తాతలంతా దాక్కున్నారు.

పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు

పింఛను అంటే ఆస్తి లాంటిదే, వారసులకు చీలుతుంది. చీలి చీలి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వంతుకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఒకనాడు శిస్తు వసూలు చేసిన ఇంటి మనిషి, కోవెలకుంట్ల ఖజానా గుమ్మం దగ్గర నిలబడి ఆ డబ్బు అడుక్కోవాలి. ఆ అవమానం నాకు అర్థమవుతుంది. రేషన్ కార్డు పట్టుకుని నిలబడిన వాళ్లందరికీ అర్థమవుతుంది.

కానీ 1846 తిరుగుబాటు ఉత్త పింఛను గొడవ కాదు. పింఛను గొడవే అయితే ఒక్క మనిషి వెనక అంతమంది రారు. కట్టుబడి చనిపోతే అతని మాన్యం సర్కారు తిరిగి తీసుకోవడం మొదలుపెట్టింది. తండ్రి చనిపోతాడు, మూడో రోజు దినం అయ్యేలోపు కొడుకు కాళ్ల కింద భూమి పోతుంది. కావలి పని పాలెగాడితో పోయింది, పని లేనోడికి మాన్యం ఎందుకు అనేది సర్కారు వాదన. తరతరాలు ఆ గెత్తం మోసి, ఆ గట్టు వేసి, ఆ రాళ్లు ఏరింది మేము కదా అనేది కొడుకు వాదన. ఆ కొడుకులు నరసింహారెడ్డి దగ్గరకు వచ్చారు. నా చదువులో 1846 అంటే అది.

ఆ ఏడు జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. పక్కన ఉండి నడిపించినవాడు వడ్డె ఓబన్న. చానా ఏండ్లు ఓబన్న పేరు పాటలో ఉంది కానీ పుస్తకంలో ఒక లైను కూడా సరిగా లేదు. వడ్డెర సోదరులు కొట్లాడి కొట్లాడి ఈ మధ్య జనవరి 11న ఆయన జయంతి జరిగేట్టు చేసుకున్నారు. ఒక కులం తన వీరుణ్ణి తనే మట్టిలోంచి తవ్వి తీసుకోవాల్సి వచ్చింది. మంచిదే, తవ్వడం వాళ్లకు తెలిసిన పనే!

1846 అక్టోబరు 6న పేరుసోమల కొండల్లో నరసింహారెడ్డిని పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో అందరూ చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. అది 1877 దాకా అట్లే ఉంది. ముప్పై ఏండ్లు! కోట గోడకు చివరగా దొరికిన పని అదే, ఒక తలను మోయడం.

ఇప్పుడు ఎవరూ చెప్పని లెక్క చెప్తాను. ఆయనతో పాటు 901 మంది మీద కేసు పెట్టారు. 412 మంది మీద నేరం నిలబడక వదిలేశారు. 273 మందిని జామీను మీద విడిచారు. 112 మందికి శిక్ష పడింది. అయిదేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాకా ఖైదు. 112 ఇండ్లు! ఆ ఇండ్లల్లో ఆడోళ్లు ఏమి తిన్నారు? పిల్లలు ఎవరి దగ్గర జీతానికి కుదిరారు? పద్నాలుగేండ్ల తర్వాత తిరిగొచ్చినోడికి తన గుడిసె ఉన్న జాగా కనపడిందా? 2019లో ఆయన మీద సినిమా వచ్చింది, 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. సంతోషం. ఆ 112 మందిలో పది మంది పేర్లు చెప్పమని మన జిల్లాలో ఏ స్కూల్లోనైనా అడగండి.

అదే ఊరు, ఇంకో ఇల్లు, ఒక కరువు

ఉయ్యాలవాడలోనే ఇంకో పెద్దింటి పేరు రేనాటి జనం చెప్పుకుంటారు. బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వేలమందికి అంబలి పోయించాడు. విక్టోరియా రాణి పతకం పంపించింది. అదే ఊరు. ఒక ఇంటి మనిషి తల కోవెలకుంట్లలో కోటకు వేలాడుతూ ఉంది, ఇంకో ఇంటి మనిషికి అదే రాణి దగ్గర్నుంచి బంగారు పతకం వచ్చింది. సర్కారుకు ఒక చేతిలో ఉరితాడు, ఒక చేతిలో పతకం ఎప్పుడూ ఉంటాయి.

వెంగళరెడ్డి దానాన్ని నేను తక్కువ చేయను. ఆకలి తెలిసినోడు గంజి పోసినోణ్ణి తిట్టడు. కానీ గంజి వరుసలో నిలబడింది ఎవరు అని అడుగుతా. ఆ తర్వాత పదేండ్లకు వచ్చింది ధాత కరువు, 1876–78. మా పెద్దోళ్లు ఇప్పటికీ 'దాత కరువు' అంటారు. అప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద దొర, కరువు పనిలో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొంచెం చిల్లర చాలు అని తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. రాళ్లు కొట్టే మనిషికి! కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కకూ 1881 లెక్కకూ మధ్య దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. నాలుగిండ్లలో ఒక ఇల్లు ఆరిపోయింది అనుకోండి. భూమి లేనోడు, గింజలు దాచుకోను పాతర లేనోడు ముందు పోతాడు. అంటే ఆరిపోయిన ఇండ్లు ఏ వాడలోవో విడిగా చెప్పాల్సిన పని లేదు.

కోట గుమ్మం నుంచి తల మాయమైన 1877, ఈ కరువు నడి మధ్యన ఉంది. ఒక తల లెక్క అందరికీ గుర్తుంది. ఆ ఏడు రాలిన తలల లెక్క ఎవరికీ గుర్తు లేదు.

శిథిలం కావాలన్నా పట్టా కావాలి

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నా. రెండు వందల ఏండ్ల తర్వాత కూడా పాలెగాడి గోడ మొండిగానైనా ఎందుకు కనపడుతుంది? మా ముత్తాత ఇంటి ఆనవాలు ఎందుకు లేదు?

ఒకటి, సామాను. రాయి, గచ్చు సున్నం, టేకు దూలం ఉంటే వాన తట్టుకుంటుంది. రేనాట్లో కాపోళ్ల ఇల్లు అంటే మట్టి మిద్దె. మందంగా రాతి గోడ, పైన దూలాలు, దంతెలు, కట్టెలు, వాటి మీద చవుడు. ప్రతి ఏడు వానలకు ముందు కొత్త చవుడు తోలాలి. ఆ చవుడు తవ్వి గంపలో మోసి వాళ్ల మిద్దె ఎక్కించింది మా అవ్వలే. మిద్దె మీదికి ఎక్కనిచ్చారు, ఎందుకంటే అది పని. మిద్దె లోపలికి రానివ్వలేదు, ఎందుకంటే అది ఇల్లు. మా వాడలో బోద కొట్టాలు. బోద మూడేండ్లకు కుళ్లుతుంది, ఎండాకాలం ఒక నిప్పురవ్వ పడితే వాడ వాడంతా పోతుంది. చాలా ఊర్లలో చేతిలో నాలుగు డబ్బులున్న మాలోడు మిద్దె వేస్తే ఊరు ఊరుకునేది కాదు. వాడ మిద్దె ఊరి మిద్దె ఎత్తుకు లేవకూడదు.

రెండు, జాగా. శిథిలం కావాలన్నా ముందు ఆ జాగా మనది కావాలి. జాగా మనది కాకపోతే ఇల్లు కూలినరోజే ఆనవాలు పోతుంది, ఎవరో గడ్డివాము వేస్తాడు, ఎవరో దున్నుతాడు. తరాల పాటు మన ఇండ్లు ఊరి పెద్దల దయ మీద ఉన్నాయి. పనికి రానంటే 'మా జాగా ఖాళీ చెయ్' అనేవాళ్లు. జీతగాడి నోరు మూయించను అంతకంటే పెద్ద కొరడా లేదు. తర్వాత సర్కారు పట్టాలిచ్చింది, నిజమే. కానీ అసైన్డ్ భూమి. 1977లో చట్టం వచ్చింది, ఆ భూమి అమ్మకూడదని, షరతు తప్పితే సర్కారు తిరిగి తీసుకోవచ్చని అప్పట్లో చెప్పింది. ఆ చట్టం పేదోళ్ల భూమిని పెద్దోళ్లు కాజేయకుండా కాపాడను తెచ్చిందే, దాన్ని నేను సమర్థిస్తాను. కానీ 'ప్రజా ప్రయోజనం' అనే మాట వచ్చినప్పుడల్లా ముందు కనపడేది అసైన్డ్ భూమే. 1846లో కట్టుబడి మాన్యం తీసుకున్నట్టే, ఇచ్చిన చెయ్యే వెనక్కి తీసుకుంటుంది.

మూడు, పథకం. ఇది మా ఇంట్లోనే జరిగింది. మా అవ్వ ఇల్లు రెండు అంకణాల రాతి గోడ, మట్టి అడుసుతో కట్టింది. ఆ రాళ్లు మా జేజినాయన కూలి కింద తెచ్చుకున్నవి. రైతు డబ్బు ఇవ్వలేక, 'బావి తవ్విన రాళ్లు తీసుకుపోరా' అన్నాడంట. తలా మోపుకొని తెచ్చి కట్టారు. ఆ గోడలో ఒక గూడు ఉండేది, అందులో దీపం పెట్టేది. సర్కారు ఇల్లు మంజూరైంది. ఇండ్ల బిల్లు ఎట్లా వస్తుందో మీకందరికీ తెలుసు. పునాదికి ఒక బిల్లు, గోడలకు ఒక బిల్లు, స్లాబుకు ఒక బిల్లు, ప్రతిదానికీ ఫొటో. వేరే జాగా లేదు కాబట్టి పాతది పడగొడితేనే కొత్తదానికి పునాది. రెండు రోజుల్లో పడగొట్టారు. మా అవ్వ ఆ రాళ్లను పునాదిలో వేయించింది. "నాయనా, రాళ్లు పారేయొద్దు, మీ జేజినాయన చెమట అది" అనింది. అంటే మా వారసత్వ కట్టడం నేల పైన కనపడదు, స్లాబు ఇంటి కింద ఉంది. స్లాబు ఇల్లు వద్దని నేననను. వాన పడితే తడవకుండా పడుకోవడం కన్నా గొప్ప వారసత్వం ఏముంది? కానీ పెద్దోళ్లకు పాత ఇల్లు పడగొట్టకుండా కొత్త ఇల్లు కట్టుకునే జాగా ఉంటుంది. అందుకే వాళ్లకు హెరిటేజ్ ఉంటుంది. ఖాళీ జాగా ఉన్నోడికే గతం మిగులుతుంది.

దేవుడి ఇల్లు లారీ ఎక్కింది

ఇది ఒక్క ఉయ్యాలవాడ కథ కాదు. మన జిల్లా ఉత్తరం అంచుకు పోండి. శ్రీశైలం డ్యాం. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నిండుమట్టం 885 అడుగులు. ఆ నీటికింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊర్లు మునిగాయి. లక్ష మంది దాకా లేచిపోయారు. 1981 ఎండాకాలం చివర, నీళ్లు వస్తున్నాయి ఖాళీ చేయండి అని పోలీసుల్ని, బుల్డోజర్లను పంపారు. దానికి సర్కారు పెట్టుకున్న పేరు 'ఆపరేషన్ డిమాలిషన్'. పేరులోనే ఇల్లు ఉంది, మనిషి లేడు.

అదే డ్యాం కోసం కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని, బాదామి చాళుక్యుల కాలం నాటి గుడిని, రాయికి రాయి విప్పి, నంబర్లు వేసి, అలంపూర్‌కు తీసుకుపోయి మళ్లీ అట్లనే నిలబెట్టారు. పాపనాశం గుళ్లను కూడా తరలించారు. అది గొప్ప పనితనం. చేసిన ఇంజనీర్లకు, శిల్పులకు, రాళ్లు మోసిన కూలీలకు దండం పెడతా. అంటే ఒక ఇంటిని జాగ్రత్తగా విప్పి, మళ్లీ నిలబెట్టడం మన సర్కారుకు తెలుసు. చేతకాక కాదు. ఏ ఇంటికి చేయాలి, ఏ ఇంటికి అక్కర్లేదు అని ముందే నిర్ణయం జరిగిపోయింది.

1894 నాటి భూసేకరణ చట్టం కింద నష్టపరిహారం ఇచ్చింది ఆస్తికి. భూమి ఉన్నోడికి ఎకరాల లెక్కన, మిద్దె ఉన్నోడికి దూలాల లెక్కన. జీతగాడికి, కౌలుదారుకు, నదిలో పుట్టి వేసేవాడికి, చెప్పులు కుట్టేవాడికి పోయింది బతుకు. బతుకుకు రేటు లేదు. 1986లో జీవో 98 వచ్చింది, నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగం ఇస్తామని. ఆ జీవో కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగిన వాళ్లు ముసలోళ్లయ్యారు, ఇప్పుడు వాళ్ల కొడుకులు తిరుగుతున్నారు. నేను ధర్నాల దగ్గర వాళ్ల పక్కన కూర్చున్నాను. ఆ కవరే వాళ్ల పాత ఇంటికి మిగిలిన ఆనవాలు.

మన కొత్తపల్లె మండలంలో ఇంకో సంగమేశ్వరం ఉంది, వేపకట్టె లింగం ఉన్న గుడి. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కింద, ఎండాకాలం బయటికి వస్తుంది. అప్పుడు పేపర్లలో ఫొటోలు, టీవీల్లో వార్తలు, జనం పడవల్లో పోతారు. నీళ్లు తగ్గినప్పుడు చుట్టుపక్కల పాత ఊర్ల గోడలు, రోళ్లు కూడా కనపడతాయి. ఆ ఫొటో ఎవరూ తీయరు.

ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? పోతిరెడ్డిపాడు తూముల్లోంచి బానకచెర్లకు, అక్కడ్నుంచి వెలుగోడుకు, తెలుగుగంగ కాలువలో మన నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల మీదుగా బ్రహ్మంసాగర్‌కు, చివరికి చెన్నై దాకా. మన వరి మడిలో నిలబడిన నీళ్లు ఒకరి వాకిలి మీద నుంచి వచ్చాయి. ఆ నీళ్లు వద్దని ఎవరంటారు? ఈ సీమలో నీళ్లు వద్దనేవాడు లేడు. వాకిలి ఇచ్చినోడి పేరు కాలువ గట్టు మీద ఒక్క రాయి మీదైనా ఉండాలి అంటున్నా, అంతే.

ఏం చేద్దాం మరి?

నొస్సం కోట మిగిలిన గోడల్ని, ఉయ్యాలవాడ, రూపనగుడి ఆనవాళ్లను కాపాడాలి. పురావస్తు శాఖ వాళ్లు కొలతలు తీసి, కంచె వేసి, బోర్డు పెట్టాలి. బోర్డు మీద నరసింహారెడ్డి పేరు పక్కన వడ్డె ఓబన్న పేరు ఉండాలి. కింద 901, 412, 273, 112 అనే నాలుగు అంకెలు ఉండాలి. ఆ 112 మంది పేర్లు, ఊర్లు వెతికి రాయించాలి. అందులో నా కులం వాళ్లు ఒక్కరే ఉన్నా, అసలు లేకపోయినా నాకు పరవాలేదు. పేర్లు రావాలి. పేరు లేని మనిషిని రెండోసారి చంపడం సులభం.

రెండో పని మనది. సర్కారు కోసం చూడొద్దు. మీ వాడలో పాత ఇల్లు పడగొట్టే ముందు, బిల్లు కోసం ఎట్లాగూ ఫోన్‌లో ఫొటో తీస్తారు కదా, అదే చేత్తో నాలుగు ఫొటోలు ఎక్కువ తీయండి. గోడ ఎన్ని మూరల మందం, రాయి ఏ కొండది, ఎవరు మోశారు, దూలం ఏ చెట్టుది, గూడు ఎక్కడుంది, పట్టా ఏ ఏడు వచ్చింది, అంతకు ముందు ఆ జాగా ఎవరిదనే వాళ్లు, ఎప్పుడైనా ఖాళీ చేయమన్నారా... ఇవన్నీ ముసలోళ్లను అడిగి ఒక నోటు పుస్తకంలో రాయండి. తారీఖు వేయండి. మెకంజీ దొర మన వాడకు రాలేదు. ఇక రాడు కూడా. మన కైఫీయతు మనమే రాసుకోవాలి.

మూడోది, పిల్లలకు చెప్పండి. స్కూలు టూరుకు బెలుం గుహలు, అహోబిలం తీసుకుపోతారు. పోనీండి, మంచి జాగాలే. వచ్చేటప్పుడు దారిలో ఒక నిర్వాసితుల కాలనీ దగ్గర బస్సు ఆపమనండి. 'మీ ఊరు ఏది తాతా' అని ఒక ముసలాయన్ని పిల్లలే అడగనీండి. ఆయన వేలు చూపించే వైపు నీళ్లే ఉంటాయి. ఆ పిల్లలకు చరిత్ర అంటే ఏమిటో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

బాబాసాహెబ్ ఊరి గురించి ఏమన్నారో మనకు తెలుసు, ఊరిని మురికికూపం అన్నాడాయన. ఆ మాట విని చాలామంది మనవాళ్లు కూడా 'మరి పాత ఊరి చరిత్ర మనకెందుకన్నా, వదిలేద్దాం' అంటారు. నేను ఒప్పుకోను. ఊరిని పొగడను రాయడం వేరు, ఊరు మన దగ్గర ఏమి తీసుకుందో లెక్క రాయడం వేరు. బాకీ ఉన్నోడు మరిచిపోవాలని చూస్తాడు. రావాల్సినోడు మరిచిపోకూడదు.

మీ ఇండ్ల వివరాలు కామెంట్లలో రాయండి, ఫొటోలుంటే పెట్టండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఊరు మాత్రం రాయండి. వచ్చే భాగంలో మీరు పంపిన వాటితోనే మొదలుపెడతా.

జై భీమ్.